పుట్టుక ఎరిగినవారు

ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నువ్వు పంపిన మోకాలి పట్టీ అందింది. తొడుక్కుంటే కుడికాలు పడుచుపిల్లదీ ఎడమకాలు ముసలమ్మదీ అయినట్టుంది. రెండోది కూడా పంపమని కాదు, ఎలా ఉందో చెబుతున్నానంతే. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అని మీ ఆవిడ అంటూనే ఉంటుంది. ఆసుపత్రి బట్టల గదిలో ముప్పై ఏళ్ళు ఆ ఉతికే యంత్రాల హోరు మధ్య పనిచేశాక, ఫోన్లో నీ గొంతుకీ బకెట్లో నీళ్ళు పడే చప్పుడుకీ నాకు తేడా తెలియడం లేదు. మనకి ఉత్తరమే మేలు.

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. జూన్లో ఎన్నికలు కదా, ఈసారి ఫొటో ఉన్న కొత్త గుర్తింపు కార్డు లేనిదే ఓటు వేయనివ్వరట. కార్డు కావాలంటే పుట్టిన కాగితం చూపించాలి. మన లైన్ల ఇళ్ళ నుంచి నలభై ముగ్గురం కలిసి ఊరి ఆఫీసుకి వెళ్ళాం. కాగితం ఉన్నది తొమ్మిదిమందికే. మిల్లు పనికని మన తాతల్ని ఇక్కడికి తెచ్చినప్పటినుంచీ లైన్లలో పుట్టినవాళ్ళ పేర్లు ఊరి ఆఫీసులో ఎవరు రాశారు గనక? మిల్లు దవాఖానాలో రాసేవారు. మిల్లు మూతపడింది, ఆ పుస్తకాలు ఏమయ్యాయో చెప్పేవాళ్ళు లేరు. లైన్ల బడి రిజిస్టర్లకీ అదే గతి. ఊళ్ళోవాళ్ళకి ఈ బెడద లేదు. వాళ్ళ ముత్తాతల పుట్టుకలు కూడా బీరువాలో ఉన్నాయి.

గుమాస్తా మర్యాదస్తుడే. "చట్టం అందరికీ ఒకటేనమ్మా, మీ భాషవాళ్ళకొకటి, మా భాషవాళ్ళకొకటి లేదు" అన్నాడు. "ఒకటే బాబూ, కాదనను. ఒకే కొలత చొక్కా అందరికీ ఇచ్చారు. మాకే చేతులు దూరడం లేదు" అన్నాను. నవ్వాడు. నవ్వి, ఒక దారి చెప్పాడు. కార్డు ఉన్న దగ్గరి చుట్టం వచ్చి, ప్రమాణం చేసి సాక్ష్యం చెబితే కాగితం లేకపోయినా కార్డు ఇస్తారట.

నీకు డిపో సర్వీసు పుస్తకం చూపిస్తే కార్డు వచ్చేసింది కదా. ఒక్కరోజు సెలవు పెట్టి వచ్చి, "ఈవిడ మా అక్క" అని చెప్పు, చాలు. నేను ఇప్పటికి పదకొండుసార్లు ఓటేశాను, ఒక్కసారి కూడా మానలేదు. పైగా ఈసారి మా ఆసుపత్రిలో చేసే మన వీధి నర్సమ్మ నిలబడుతోంది. లైన్లకి మంచినీళ్ళ గొట్టం వేయిస్తానంటోంది. గెలిచినా ఓడినా నా ఓటు లేకుండా జరగకూడదు.

నీ రాక కోసం చూస్తూ,
ఒంటికాలి పడుచు, మీ అక్క


మార్చి 2

అక్కా,

రెండో పట్టీ ఇవాళే పోస్టు చేశాను. రెండు కాళ్ళూ ఒక వయసుకి వస్తాయి.

నీ ఉత్తరం డిపోలోనే చదువుకున్నాను. చేతులకి గ్రీజుందని కుర్చీ మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన స్పానరు పెట్టి చదివాను. ఈ నెల బ్రేకుల సెక్షన్లో పని విపరీతం. పాత బస్సులన్నిటికీ బ్రేకు లైనింగులు మార్చమన్నారు. మార్చి పంపితే డ్రైవర్లు ఇప్పుడు మరీ గట్టిగా పడుతున్నాయని తిరిగొస్తారు. పడకపోతే ఒక గొడవ, పడితే ఒక గొడవ.

నీ పని సంగతి. నేను వచ్చి సాక్ష్యం చెప్పడం కుదిరేలా లేదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోను. వేరే దారి చూస్తున్నాను. ఏ దారి అని మాత్రం ఇప్పుడు అడక్కు. ఏప్రిల్ దాటేదాకా ఓపిక పట్టు. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపింది నువ్వు. అది మరిచిపోయే రకాన్ని కానని నీకు తెలుసు.

నీ తమ్ముడు


మార్చి 12

తమ్ముడూ,

రెండో పట్టీ కూడా అందింది. సంతోషం.

సెలవు దొరక్కపోతే ఆ మాటే రాయి, నేనేమీ అనుకోను. లేదంటే నేనే అక్కడికి వస్తాను. మీ డిపో పక్కనే కార్డుల ఆఫీసుందట కదా, అన్నం బెల్లు కొట్టాక పది నిమిషాలు వచ్చి నిలబడితే చాలు. "వేరే దారి" ఏమిటో నాకు అర్థం కాలేదు. "ఈవిడ మా అక్క" అనడానికి వేరే దారి ఏముంటుంది?

పక్కింటి పాలావిడకీ కాగితం లేదు. ఆవిడకి చుట్టాలెవరూ మిగల్లేదు. మొన్న నా దగ్గరికొచ్చి, "మీరు చెప్పకూడదా" అంది. నాకే కార్డు లేదు, ఉన్నా చుట్టాన్ని కాదు. ముప్పై ఏళ్ళుగా ఒకే గోడకి అటూ ఇటూ బతికాం, అది చుట్టరికం కిందికి రాదట.

మే పదిహేను ఆఖరి తేదీ. గుర్తు చేశానంతే.

అక్క


మార్చి 19

అక్కా,

సెలవు గొడవ కాదు. నువ్వు ఇక్కడికి వచ్చినా ఉపయోగం లేదు, శ్రమపడి రాకు. నన్ను నమ్ము. నెల రోజులు. అంతకంటే రాస్తే నువ్వు తగువు పెట్టుకుంటావు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 4

తమ్ముడూ,

మన లైన్ల కుర్రాడొకడు మీ నగరానికే బస్సు నడుపుతాడని తెలుసుగా. మొన్న వచ్చాడు. "మీ తమ్ముడుగారిని కార్డుల ఆఫీసు దగ్గర చూశానండి, ఒకసారి కాదు, మూడుసార్లు. పెద్దావిడ సంచీ పట్టుకుని వరసలో నిలబడ్డారు" అన్నాడు. ఆ పెద్దావిడ ఎలా ఉంటుందని అడిగాను. పొడుగ్గా, తెల్లటి జుట్టు కత్తిరించుకుని, ఎడమ చెయ్యి కొంచెం వంకర అన్నాడు. ఇంకా అడగాల్సిన పని లేకపోయింది, వదినే.

అన్నయ్య పోయి పద్నాలుగేళ్ళయింది. ఆయన నలభై రోజులు మంచాన పడి ఉంటే, ఒక్క కార్డుముక్క రాయని మనిషి ఆవిడ. నేను వచ్చేసరికి ఖాళీ మంచం చూపించింది. నాకోసం అరపూట సెలవు దొరకని వాడికి, ఆవిడ సంచీ మొయ్యడానికి మూడు రోజులు దొరికాయన్నమాట. ఆవిడ ఓటు పడాలి, నా ఓటు పోవాలి.

వేరే దారి ఏమిటో ఇప్పుడు అర్థమైంది. ఇక వెతక్కు. పట్టీలు వాడుతున్నాను గనక తిప్పి పంపడం లేదు.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

తగువు ఎలాగూ వచ్చింది గనక దాచడం దేనికి? మొదటినుంచీ రాస్తాను. మధ్యలో చింపకుండా ఆఖరిదాకా చదువు.

నీ మొదటి ఉత్తరం అందిన మర్నాడే కార్డుల ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో కళ్ళజోడు అమ్మాయొకతి ఉంది. మన భాష రాదు, కానీ నెమ్మదిగా, అర్థమయ్యేలా చెబుతుంది. నియమం మొత్తం చదివి వినిపించింది. సాక్ష్యం చెప్పేవారు రక్తసంబంధంవల్లనో పెళ్ళివల్లనో చుట్టమై ఉండాలి. కార్డు ఉండాలి. అడిగేవారి కంటే కనీసం పదేళ్ళు పెద్దవారై ఉండాలి. వారి పుట్టుక ఎరిగినవారై ఉండాలి. ఒక మనిషి జన్మలో ఒక్కరికే సాక్ష్యం చెప్పాలి. మీ ఊరి గుమాస్తా నీకు సగమే చెప్పాడు.

"మీ అక్కగారు పుట్టినప్పుడు మీరు ఎక్కడున్నారు?" అంది ఆ అమ్మాయి. ఎక్కడున్నానని చెప్పను?

నీకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు, నీ పుట్టుక తెలిసినవాళ్ళు ఇంకా ఎవరున్నారని ఆ రాత్రంతా లెక్కవేశాను. అమ్మా నాన్నా లేరు. అన్నయ్య లేడు. అత్త లేదు. మిగిలింది మన లైనులోనే పుట్టి, మన ఇంటికే కోడలైన వదిన ఒక్కతే. కానీ ఆవిడకీ కార్డు లేదు. బడి సర్టిఫికెట్టు ఉంది గానీ, అందులో ఆవిడ పేరు మనం పలికినట్టు రాశారు. అన్నయ్య పెన్షన్ పుస్తకంలో వాళ్ళు పలికినట్టు రాశారు. రెండూ ఒక మనిషి కాదని రెండుసార్లు తిప్పి పంపేశారు. మూడోసారి వకీలు చేత కాగితం రాయించి తీసుకెళ్ళాను. ఆ మూడుసార్లే మీ డ్రైవరు కంట పడ్డాను. వదిన కార్డు నిన్న వచ్చింది.

సంచీ మోసింది నీకోసమే అక్కా. ముందే చెబితే "ఆవిడ సాక్ష్యం నాకక్కర్లేదు" అంటావని దాచాను. అది నా తప్పు. సరే, ఆవిడ రావడానికి సిద్ధంగా ఉంది. నువ్వు ఊ అంటే చాలు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 19

తమ్ముడూ,

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు పడ్డ పాట్లు చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్రేకులు బిగించుకునే మనిషివి, వకీళ్ళ చుట్టూ తిరిగావు. పద్నాలుగేళ్ళుగా నేను పలకరించని మనిషిని నాకోసం పలకరించావు. నీలాంటి తమ్ముడుండటం నా అదృష్టం.

కానీ ఆవిడ రావొద్దు. అన్నయ్య చావుకి నన్ను పిలవని మనిషి, నా పుట్టుకకి సాక్షి కాకపోతేనేం? ఈసారికి ఓటు లేకుండానే ఉంటాను. నర్సమ్మకి చెప్పేశాను. పాపం, చేతిలో ఉన్న కరపత్రాలు సర్దుకుంటూ కూర్చుంది.

అక్క


మే 8

తమ్ముడూ,

నా ఉత్తరం నువ్వు ఆవిడకి చదివి వినిపించావని ఇప్పుడు తెలిసింది. తిట్టాలని కాగితం తీశాను. ఏం రాస్తానో చూద్దాం.

మంగళవారం పొద్దుటి డ్యూటీ చేసుకుని ఇంటికొచ్చాను. ఆపరేషన్ గది బట్టల మూటలు కట్టీకట్టీ నడుం పట్టేసింది. కాసేపు వాలదామనుకుంటుండగా తలుపు తట్టారు. తీస్తే వదిన. గుడ్డసంచీ, మాసిన చెప్పులు. ఏడు గంటలు బస్సులో కూర్చుని వచ్చిన మొహం.

"లోపలికి రమ్మనవా?" అంది.

పక్కకి జరిగాను. మంచినీళ్ళిచ్చాను. గడగడా తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?"

"నాలుగింటికి."

"అయితే చీర మార్చుకో. తిట్టదలుచుకుంటే దారిలో తిట్టు, టైము కలిసొస్తుంది."

నేను దారిలో ఏమీ తిట్టలేదు. వంతెన ఎక్కేటప్పుడు ఆవిడకి ఆయాసం వస్తే ఆగానంతే.

కౌంటర్లో ఆ గుమాస్తాయే ఉన్నాడు. వదిన కార్డు చూశాడు, ఏదో పుస్తకంలో రాసుకున్నాడు. "ఈ సాక్ష్యం ఒక్కసారే చెప్పగలరు. తర్వాత ఇంకెవరికీ కుదరదు. బాగా ఆలోచించుకున్నారా?" అని అడిగాడు. వదిన ఒక్క క్షణం బల్లవైపు చూసి, "ఆలోచించుకునే వచ్చాను. ఈవిడకే" అంది. చెయ్యెత్తి ప్రమాణం చేసింది. "ఈవిడ పుట్టుక మీకెలా తెలుసు?" అన్నాడు.

తమ్ముడూ, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను, ఎందుకంటే ఇది నువ్వూ విని ఉండవు.

"మాది మూడో లైను, వీళ్ళదీ మూడో లైనే. నాకు పదకొండేళ్ళు. లైన్ల పిల్లలకని మిల్లువాళ్ళు బడి తెరిచిన మొదటిరోజు అది. పొద్దున్న చేరాను, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చాను. వీళ్ళమ్మకి నొప్పులు మొదలయ్యాయి. మా అమ్మ నన్ను మళ్ళీ బడికి పోనివ్వలేదు, నీళ్ళు కాచమంది. వీళ్ళ పెద్దబ్బాయి పదమూడేళ్ళవాడు, భయపడి బొగ్గుకుప్ప ఎక్కి కూర్చున్నాడు. ఎంత పిలిచినా దిగలేదు. మూడో సైరను మోగుతుంటే ఈవిడ పుట్టింది. ఆ హోరులో ఏడ్చిందో లేదో ఎవరికీ వినపడలేదు. సైరను ఆగింది, ఈవిడ గొంతు ఆగలేదు. వాళ్ళ నాన్నకి చెప్పి రమ్మని నన్ను పరిగెత్తించారు. గేటు దగ్గర కాపలావాడు లోపలికి వదల్లేదు. గోడ ఇవతల నిలబడి అరిచాను. ఆడపిల్ల, ఆడపిల్ల అని. లోపల్నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. మా బొగ్గుకుప్ప అబ్బాయిని తర్వాత నేనే పెళ్ళి చేసుకున్నాను, అది వేరే సంగతి."

గుమాస్తా అదంతా రాసుకున్నాడు. "తేదీ చెప్పగలరా?" అన్నాడు. వదిన సంచీలోంచి బడి సర్టిఫికెట్టు తీసింది. అందులో ఆవిడ చేరిన తేదీ, సంవత్సరంతో సహా ఉంది. జులై ఏడు.

నాకు అరవై నాలుగు కాదు తమ్ముడూ, అరవై రెండే. చలికాలంలో పుట్టాననుకునేదాన్ని, కాదట. నా పుట్టుక గురించి నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ నా ఎనిమిదో ఏటే పోయింది, నాన్న అలాంటివి మాట్లాడే మనిషి కాదు. నాకోసం ఒక పిల్ల పరిగెత్తిందనీ, ఎవరో చప్పట్లు కొట్టారనీ ఇన్నేళ్ళకి విన్నాను, అదీ ఒక ఆఫీసు కౌంటరు దగ్గర, రబ్బరు ముద్రల మధ్య.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాం. అప్పుడు ఆవిడే అంది. "మీ అన్నయ్య సంగతి నేను రాయలేదు. మరిచిపోయి కాదు, పని తెమలకా కాదు. రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. రాస్తే ఇక పోతాడని ఒప్పుకున్నట్టే అనిపించింది. బాగవుతాడు, బాగయ్యాక రాద్దాం అనుకున్నాను. నువ్వు చూడకుండా చేశాను. తప్పే."

ఏదైనా సాకు చెబుతుందని నేను ఇన్నేళ్ళు జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆవిడ సాకు చెప్పలేదు. నా జవాబులు ఒక్కటీ పనికి రాలేదు. "మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా?" అని అడిగాను, ఇంకేం అడగాలో తోచక. ఉన్నాయంది. నా పట్టీల్లో ఒకటి తీసి ఇచ్చాను. నువ్వు ఇంకొకటి పంపాలి.

ఆ రాత్రి ఇక్కడే పడుకుంది. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. తను కప్పుకున్న దుప్పటి మడతపెట్టి మంచం మీద ఉంచింది. ఎవరు మడిచినా నాకు నచ్చదని నీకు తెలుసు, విప్పి మళ్ళీ నా పద్ధతిలో మడవందే ఊరుకోను. ఈ దుప్పటిని మూడు రోజులుగా అలాగే ఉంచాను.

తిట్టడానికి చోటు మిగల్లేదు. బతికిపోయావు.

జులై ఏడున పుట్టిన మీ అక్క


మే 16

అక్కా,

నీ ఉత్తరం డిపోలో అందరికీ చదివి వినిపించాను. బొగ్గుకుప్ప దగ్గరికి వచ్చేసరికి అన్నయ్యని ఎరిగిన పాత ఫోర్‌మన్ కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు. ఎంతటి ఇంజనుకైనా భయపడని మనిషి కదా అన్నాడు.

ఒక లెక్క చెప్పనా? నీకు అరవై రెండే అయితే నాకంటే మూడేళ్ళే పెద్దదానివి. ఐదేళ్ళ పెద్దరికం చూపించి నాకు పెట్టిన మొట్టికాయల్లో సగం వెనక్కి తీసుకో. ఇంకొకటి. నీ మొదటి ఓటు పద్దెనిమిదేళ్ళకి వేశానని గొప్పగా చెప్పుకునేదానివి. అప్పుడు నీకు పదహారే. దొంగ ఓట్లు ఆపడానికి కదా ఈ చట్టం తెచ్చామంటున్నారు. మన లైన్లలో పడ్డ దొంగ ఓటు నాకు తెలిసినంతవరకూ మా అక్కది ఒక్కటే. ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

కార్డు అందగానే రాయి. పట్టీ పంపుతున్నాను.

నీ తమ్ముడు


జూన్ 16

తమ్ముడూ,

కార్డు మే ఆఖరుకే వచ్చింది. ఫొటోలో నేను ఎవరినో కొట్టబోతున్నట్టున్నాను. అయినా రోజుకి రెండుసార్లు తీసి చూసుకున్నాను.

నిన్న ఓటేశాను. బళ్ళోనే, ఎప్పటి గదిలోనే. వరసలో నా ముందు ఊళ్ళోవాళ్ళు నలుగురు, కార్డు ఇలా చూపించి అలా వెళ్ళిపోయారు. నా వంతు వచ్చేసరికి కార్డు రెండు చేతులా పట్టుకుని చాచాను. బల్ల దగ్గరున్న అమ్మాయి కార్డు చూసి, నా మొహం చూసి, జాబితాలో గీత పెట్టి, "వెళ్ళండమ్మా" అంది. ఆ ఒక్క మాట కోసం ఎంతమంది ఎంత దూరం తిరిగారో ఆ పిల్లకేం తెలుసు? తెర వెనక్కి వెళ్ళాక కాసేపు ఊరికే నిలబడ్డాను. నువ్వు గుర్తొచ్చావు. వకీలు మెట్లు ఎక్కుతున్న నీ బూట్లు గుర్తొచ్చాయి. నేను చూడనే లేదు గానీ, గుర్తొచ్చాయి. పదకొండుసార్లు ఓటు నాదనుకుని వేశాను. ఈసారి మాత్రం ఎవరో చేతికి అందిస్తే తీసుకుని వేసినట్టుంది.

కార్డు దొరకనివాళ్ళు మనవాళ్ళలో పదిహేడుమంది. పాలావిడ కూడా పొద్దున్నే తయారై వచ్చి గేటు బయట నిలబడింది. లోపలికి రానివ్వరని తెలిసీ వచ్చింది. "చూసి పోదామని" అంది. నేను బయటికొచ్చాక నా వేలి మీద సిరా చూసి, తన బొటనవేలితో ఒకసారి రుద్దింది. ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం.

నర్సమ్మ పద్నాలుగు ఓట్లతో ఓడిపోయింది. పదిహేడుమంది బయట, పద్నాలుగు ఓట్లు తేడా. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు, అందరూ వేసుకున్నారు. నర్సమ్మ మాత్రం సాయంత్రం ఇంటింటికీ వచ్చి, "నాకోసం అంత దూరం తిరిగారు, మరిచిపోను" అని చెప్పి వెళ్ళింది. రేపటినుంచి ఆ పదిహేడుమంది అర్జీలు తనే దగ్గరుండి రాయిస్తుందట. రాత్రి డ్యూటీ చేసి వచ్చి రాయిస్తుందట, వినడానికే అలసటగా ఉంది.

మీ ఆవిడకి నా దీవెనలు. వదినకి ఓటు వేశానని చెప్పు. ఆవిడా వేసే ఉంటుంది కదా?

మీ అక్క


జూన్ 24

అక్కా,

వదిన వేసింది. నేను వెంట వెళ్ళాను.

ఒక సంగతి నీకు రాయొద్దని వదిన ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పుతున్నాను. ఆవిడ దగ్గర చెల్లెలు చిట్టి ఉంటోంది కదా, నీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళమ్మ పోయినప్పటినుంచీ వదినే సాకింది. చిట్టికీ కార్డు లేదు. వదిన తనకి కార్డు వచ్చిన రోజున చిట్టికి సాక్ష్యం చెప్పి ఉండొచ్చు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఆఫీసు నాలుగు వీధుల అవతల. నేనూ అదే అన్నాను, మీ ఇష్టం వదినా, మీ చెల్లెలు ముందు అని.

వదిన రావొద్దని నువ్వు రాసిన ఉత్తరం చదివినప్పుడు చిట్టి కూడా అక్కడే ఉంది. కుట్టుమిషను ఆపి వింది. అంతా అయ్యాక, "అక్కా, నేను ఓటేసింది రెండుసార్లు, అదీ నువ్వు పోరుపెడితే. ఆవిడ ఒక్కసారి కూడా మానలేదంటున్నారు. ఆవిడకే చెప్పు" అంది. మర్నాడు పొద్దున్న వదిన నన్ను బస్సు టైములు అడిగింది.

పోలింగు రోజున చిట్టి ఇంట్లో కూర్చుని ఎవరివో కర్టెన్లు కుట్టింది. బాధపడుతున్నట్టేమీ కనిపించలేదు. అయినా నువ్వు తెలుసుకోవాలనిపించింది.

నీ తమ్ముడు


జులై 2

వదినా,

తమ్ముడు ఒట్టు తప్పాడు. వాణ్ణి ఏమీ అనకు, నా మీద ప్రేమతో తప్పాడు.

నీకు ఉత్తరం రాసి పద్నాలుగేళ్ళయింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను. ఇది మూడోది, ఎలా ఉన్నా ఇదే పంపుతాను.

ఆ గుమాస్తా "బాగా ఆలోచించుకున్నారా" అని అడిగినప్పుడు నువ్వు బల్లవైపు చూశావు. పక్కనే ఉన్నాను, అలసటేమో అనుకున్నాను. చిట్టి ఓటు తీసి నా చేతిలో పెడుతున్నావని నాకు తెలియలేదు. తెలిస్తే తీసుకునేదాన్ని కాదు. అందుకే చెప్పలేదు కదూ. నీకూ చిట్టికీ ఏమని చెప్పను? థాంక్స్ అనే మాట ఆసుపత్రిలో రోజుకి యాభైసార్లు వింటాను, దుప్పటి ఇచ్చినా అంటారు. దీనికి అది చాలదు.

నియమం కాగితం తెప్పించుకుని నర్సమ్మ చేత నాలుగుసార్లు చదివించుకున్నాను. కార్డు ఉండాలి, ఉంది. చుట్టమై ఉండాలి, అన్నయ్య మరదలు కదా చిట్టి. పదేళ్ళు పెద్ద కావాలి, నువ్వు రెండేళ్ళు తగ్గించాక కూడా నేను దానికంటే పన్నెండేళ్ళు పెద్దదాన్ని. నేను ఇంతవరకూ ఎవరికీ సాక్ష్యం చెప్పలేదు. మార్చిలో నగరపాలక ఎన్నికలున్నాయట మీకు. గురువారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మీ ఇంటికి దారి తెలుసు. అన్నయ్య పోయినప్పుడు వచ్చిన దారే కదా, గుర్తుంటుంది.

పుట్టుక ఎరిగినవారై ఉండాలి, అది కూడా సరిపోయింది. నువ్వు ఆ రోజు మిల్లులో నూలు కండెల దగ్గర ఉన్నావు, పొద్దుటి షిఫ్టు. సాయంత్రం వచ్చేసరికి అంతా అయిపోయింది. నేను ఉన్నాను. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నా వేళ్ళు కమిలిపోయి వారం రోజులు బళ్ళో పలక పట్టుకోలేకపోయాను. చిట్టి పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసింది, వీపు మీద చరిచింది, ఏడవలేదు. తర్వాత తుమ్మింది. ఏడుపు కాదు వదినా, తుమ్ము. ఒకటి కాదు, వరసగా మూడు. మీ అమ్మకి నవ్వొచ్చింది, ఒళ్ళంతా చెమటతో అలా పడుకునే నవ్వింది. చుట్టడానికి మెత్తటి గుడ్డ దొరక్కపోతే నేను వేసుకున్న ఓణీ తీసి ఇచ్చాను. దాన్ని మొదట ఎత్తుకుంది నేనే.

ఇవేవీ చిట్టికి చెప్పకు. కౌంటరు దగ్గర ఆ కళ్ళజోడు అమ్మాయి అడిగినప్పుడు నేనే చెబుతాను. చిట్టిని పక్కన నిలబెట్టు, విననీ.

నీ ఆడపడుచు